కార్జానికి సామెత లేదు

గుండెకైతే ఎన్ని మాటలో.
జారుతది, కరుగుతది, రాయైతది,
దుఃఖమొస్తే చెరువైతది.
దాని మీదనే చెయ్యేసుకొని నిజం చెప్పమంటరు.
కార్జానికి ఒక్క సామెత లేదు.
ఐతారం పొద్దుగాల మటన్ దుకాణంల
'జర కార్జం ఎక్కువెయ్యి' అనుడు తప్ప
నలభై ఐదేండ్లు దాని పేరెత్తలే నేను.

దేవరకొండ డిపోల కండక్టర్ని.
కొండమల్లేపల్లి, చింతపల్లి, మాల్, యాచారం, పట్నం.
పోను, రాను. మల్ల పోను, రాను.
మాల్ కాడ మిర్చి బజ్జి,
ఇబ్రహీంపట్నం కాడ మూడో ఛాయ,
రాత్రి పదకొండుకు లెక్క అప్పజెప్పి
ఇంటికొచ్చి తిన్నది తిన్నట్టే పండుకునుడు.

కడుపు ఉబ్బి కండ్లు పసుపెక్కితే
అందరొక్కటే అడిగిండ్రు: 'ఎంత తాగేటోనివి?'
చుక్క ముట్టనోన్ని.
నమ్మినోడు డ్రైవర్ మక్బూల్ ఒక్కడే,
పన్నెండేండ్లు నా పక్కన కూసొని తిన్నడు గనుక.
కొవ్వూ షుగరూ కలిసి
చప్పుడు చెయ్యకుంట ఎండబెట్టినయట.

అండాలక్క ఇచ్చింది.
తన దాంట్లకెల్లి సగానికి ఎక్కువ.
బత్తాయి తోటల కూలికి పోయే మనిషి.
కాయితం మీద వేలిముద్రేసుకుంట
'మల్ల పెరుగుతదంట గద' అన్నది,
గోంగూర కోసినంత అల్కగ.
పెరిగింది. ఆమెలనూ, నాలనూ.

అప్పటిసంది పొద్దున ఎనిమిదికి గోలీ, రాత్రి ఎనిమిదికి గోలీ.
నా బస్సు ఎన్నడన్న అంత టైముకు వొచ్చిందా?

ఐదో ఏడు డాక్టర్ ఉమైరా పిలిచింది.
చిన్న పిల్ల. జేబుల రెండు పెన్నులు, కండ్ల కింద నిద్ర లేని నలుపు.
'మీ కార్జం మంచిగుంది జానయ్య గారు.
ఇగ నేను చూసేది గుండెను' అన్నది.
కొత్త కార్జం పెట్టించుకున్నోళ్ల గుండెలు
ఎట్ల నడుస్తున్నయో రాసుకుంటదట.
కార్జాన్ని కాపాడే గోలీలే
బీపీని లేపుతయట, షుగరును గెలుకుతయట.
ఒకరికి కావలి కాస్తే ఇంకొకరి ఇల్లు తెరిచిపెట్టినట్టు.

దవాఖాన వరండాల
ఆ కొసకొకటి ఈ కొసకొకటి ఎర్ర డబ్బాలు పెట్టి
ఆరు నిమిషాలు నడవమన్నది.
ఉరికే బస్సుల, నిలవడ్డ జనంల
టికెట్లు కొట్టుకుంట నడిచిన కాళ్లివి.
కదలని నేల మీద తడబడ్డయి.
నాలుగువందల పది మీటర్లు.
ఆ దూరానికి టికెట్ గూడ రాదు.

ఆమె పుస్తకంల నాకు పేరు లేదు, నలభై మూడు.
మా బస్సులైతే అది ఎనక టైరు మీది సీటు,
గుంతొస్తే పైకప్పుకు తగులుతది తల.
'అందరెంతమందిమి?' అంటే
'నూటపన్నెండు' అన్నది.
కొంచెం ఆగి,
'ఆరుగురు ఫోనెత్తుతలేరు' అన్నది.
ఇంకొంచెం ఆగి,
'వాళ్లవి గూడ కార్జాలు మంచిగనే ఉండె.'

నేనేం అనలే.
ఎవరన్న నిజం చెప్పమంటే
చెయ్యి ఎడమ దిక్కు పెట్టాల్నా కుడి దిక్కు పెట్టాల్నా అని
ఉత్తగనే ఆలోచించిన.

లేవబోతూ అడిగిన, బత్తాయి తినొచ్చునా అని.
పంపర పనస అసలే వద్దు, గోలీతోటి పడది,
అది పుస్తకాలల్ల ఉంది అన్నది.
బత్తాయి కాడ పెన్ను ఆగింది.
'మీ దిక్కు పండు. నాకు సరిగ తెల్వది.
చూసి ఫోన్ చేస్త' అని
నా పేరు లేని కాయితం మీద బత్తాయి అని రాసి
పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టింది.

సాయంత్రం మాల్ కాడ బజ్జి కొనలే.
మక్బూల్ గూడ కొనలే, ఎందుకో.
ఇంటికొస్తే అక్క కొంగుల నాలుగు కాయలు,
తోటల రాలినయి.
ఫోను రావాల్నే అంటే నవ్వింది.
'వాళ్లనడుగుడేందిరా,
అది నా కార్జమే గద.
యాభై ఏండ్లసంది బత్తాయే తింటున్న.
నీకు కొత్త గని దానికి కొత్తనా?'

కాయలు గూట్ల పెట్టిన.
తొమ్మిది దినాలాయె.
తొక్క గట్టివడుతుంది. ఫోను చార్జింగుల ఉంది.